తొమ్మిది నిమిషాల కుర్చీ సీను

నన్ను సినిమాలో నడవమన్నారు. అంతే, ఇంకేమీ లేదు. కూల్చబోతున్న మా బట్టల మిల్లు ఆవరణలో గేటు దగ్గర మొదలుపెట్టి నీళ్ళ ట్యాంకు దాకా నడవాలి. ఇరవై తొమ్మిదేళ్ళు మరమగ్గాల చుట్టూ తిరిగినదాన్ని, నాకు నడక నేర్పేవాళ్ళెవరని ధీమాగా బయల్దేరాను. పదకొండుసార్లు తీశారు. పదకొండుసార్లూ పనికిరాలేదు.

“పిన్నీ, కొంచెం నెమ్మదిగా,” అంది డైరెక్టరు థాన్ నింగ్.

“నెమ్మదిగానే నడిచాను కదమ్మా.”

“ఎవరో వెనకాల తరుముతున్నట్టు నడిచారు.”

“తరిమేవాళ్ళు మరి. ఇరవై నాలుగు మగ్గాలు ఒక్కదాన్నే చూసుకోవాలంటే తాబేలు నడక నడిస్తే కుదురుతుందా?”

ముప్ఫై ఏళ్ళు కూడా నిండని పిల్ల. పెద్ద నగరం నుంచి వచ్చింది. మగపిల్లాడిలా జుట్టు కత్తిరించుకుంది. నోట్లో నాలుక లేనట్టే ఉంటుంది గాని, తను అనుకున్నది జరిగేదాకా బెత్తెడు కూడా కదలదు. మిల్లు స్థలంలో ఇరవై ఆరంతస్తుల మేడలు లేవబోతున్నాయి. పోయేదాన్నీ వచ్చేదాన్నీ రెంటినీ నిదానంగా చూపించాలని ఆ పిల్ల పట్టుదల. నిదానమంటే మామూలు నిదానం కాదు. ఒక గోడను నాలుగు నిమిషాలు తీసింది. ఆ గోడమీద ఏముందే అని అడిగితే, “గోడే ఉంది పిన్నీ,” అంది.

అలాంటి పిల్ల నాకూ చూన్‌లాన్‌కూ కలిపి ఒక సీను అనుకుంది. ఆ పేరు వినగానే నాకు గుండె జారింది.

చూన్‌లాన్ సంగతి దాచుకోకుండా చెప్పాలి. మేమిద్దరం ఒకే ఏడు మిల్లులో చేరాం. హాస్టల్లో ఒకే గది, నా మంచం పైన, ఆమె మంచం కింద. షెడ్డులో ఆమె మగ్గాలూ నా మగ్గాలూ పక్కపక్కనే. తొంభై ఎనిమిదిలో మిల్లుకు గడ్డుకాలం వచ్చి, కొంతమందిని ఇంటికి పంపాలన్నారు. ప్రతి జట్టూ ఇద్దరి పేర్లు ఇవ్వాలి. అందరం కుక్కిన పేనుల్లా పడి ఉన్న రోజులవి. అప్పుడే ఒకరోజు చూన్‌లాన్ కొడుక్కి జ్వరం ఎక్కువైందని కబురొచ్చింది. గంటసేపు తన మగ్గాలు కూడా చూడమని నన్ను బతిమాలి పరుగెత్తింది. సరేనన్నాను. నలభై ఎనిమిది మగ్గాలూ ఒంటిచేత్తో ఆడించగలనని పొగరు నాకు. ఆమె పదిహేడో మగ్గం మీద పడుగు పోగులు రెండు తెగడం నా కళ్ళతో చూశాను. ఈ చివర పని చూసుకుని వచ్చి అతుకుదాంలే అనుకున్నాను. తర్వాత మరిచిపోయాను. అరవై మీటర్ల బట్ట చారపడి పాడైంది.

మర్నాడు జట్టు సమావేశంలో మా షిఫ్టు ఇన్‌ఛార్జి హౌ ఆ బట్టను బల్లమీద పరిచాడు. చూన్‌లాన్ లేచి, “నేను ఆ గంట లేను, రుయ్‌జీ చూస్తానంది,” అని చెప్పింది.

హౌ నావైపు తిరిగాడు. “ఛియావో రుయ్‌జీ, నువ్వు చూశావా?”

“లేదు. నా మగ్గాల దగ్గరే ఉన్నాను,” అన్నాను.

ఒక్క మాట. దాంతో ఆమె పని పోయింది. పనితోపాటు పేరు కూడా పోయింది. బట్ట పాడుచేసింది చాలక ప్రాణస్నేహితురాలి మీదికి నెట్టబోయిందని మిల్లంతా కోడై కూసింది. చూన్‌లాన్ గేటు ఎదుటే బండి పెట్టుకుని ఆవిరి రొట్టెలు అమ్మడం మొదలుపెట్టింది. మావాళ్ళు కావాలని రోడ్డు దాటి, అవతలి బండి దగ్గర కొనేవాళ్ళు. ఆ తర్వాత తొమ్మిదేళ్ళు, మిల్లు మూతపడేదాకా, నేను అదే గేటులోంచి తల దించుకుని వెళ్ళాను, తల దించుకుని వచ్చాను. మంచి పనిమంతురాలినని రెండుసార్లు ఎర్రపట్టీ కూడా వేయించుకున్నాను. చెప్పుకోవడానికి సిగ్గేస్తోంది, కాని వేయించుకున్నమాట నిజం.

ఇదేమీ థాన్ నింగ్‌కు తెలియదు. మా ఇద్దరి ముఖాలూ నచ్చాయట, అంతే. కూల్చేలోపు షెడ్డులో ఒకసారి అడుగుపెట్టాలని చూన్‌లాన్ ఒప్పుకుంది. నేను కాదంటే ఎందుకు కాదన్నావని అడుగుతారు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునే బతుకు నాది, అందుకని నోరెత్తలేదు.

ఖాళీ షెడ్డులో రెండు కుర్చీలు వేశారు. నేను కెమెరాకు ఎదురుగా, చూన్‌లాన్ కెమెరాకు వీపు పెట్టి. తలుపు నా వెనకాల ఉంది.

“తొమ్మిది నిమిషాలు కూర్చోండి,” అంది థాన్ నింగ్. “ఏదైనా మాట్లాడుకోండి, కూరల సంగతైనా సరే. మీ మాటలు నేను తీసుకోను. గాలి చప్పుడు ఒక్కటే తీసుకుంటాను.”

మాటలు తీసుకోదట! నాలుగు వందల మగ్గాలు ఒక్కసారి ఆడే చోట పిడుగు పడ్డా వినబడదు. అక్కడ మాట అంటే పెదవులే. మిల్లులో చేరిన ఆర్నెల్లకే షెడ్డు ఆ చివరనున్న మనిషి ఏమంటోందో ఈ చివరనుంచి చదివేసేవాళ్ళం. ఇప్పటికీ మా క్వార్టర్స్ ఆడవాళ్ళు మూడో అంతస్తు కిటికీలోంచి, కింద కూరల బండి దగ్గరున్న మనిషితో, చిన్న చప్పుడైనా లేకుండా పోట్లాడగలరు. ఆ పిల్ల నెలరోజులు మా మధ్య తిరిగింది గాని ఈ సంగతి పట్టుకోలేకపోయింది. మేమూ చెప్పలేదు. మేం ఊపిరి పీలుస్తామండీ అని చుట్టాలకు ఎవరైనా చెప్తారా?

మొదటి మూడు నిమిషాలు ఇద్దరం గోడల్లా కూర్చున్నాం. పైకప్పు రేకుల సందుల్లోంచి గాలి దూరి ఈలవేస్తోంది. చూన్‌లాన్ జుట్టు పూర్తిగా నెరిసిపోయింది. చేతులు ఆవిరికి ఉబ్బి ఉన్నాయి. ఇరవై ఒక్క ఏళ్ళ తర్వాత ఆమెను అంత దగ్గరగా చూడటం అదే. నాకు గొంతుతో చెప్పే ధైర్యం ఎన్నడూ లేకపోయింది. ఇక్కడ గొంతు అక్కర్లేదు కదా అనిపించింది. ఈ సినిమాను ఏ దూరదేశంలోనో పదిమంది చూస్తారు, వాళ్ళకు నా మాట చెవిటివాడి ముందు శంఖమే. అలా లెక్కేసుకునే నోరు విప్పాను. గొప్ప మనసు చేసుకుని కాదు.

“చూన్‌లాన్, ఆ రోజు పదిహేడో మగ్గం దగ్గరున్నది నేనే. పోగులు తెగడం చూశాను. హౌ అడిగితే అబద్ధం చెప్పాను. నీ పని పోతుందని తెలిసే చెప్పాను.” అంతా పెదవులతోనే.

ఆమె లేచింది. నా పక్కనుంచి తలుపు దాకా నడిచి, వెనక్కి తిరిగింది. నేనూ మెడ తిప్పి చూశాను. ఆమె కూడా పెదవులతోనే అంది:

“ఇది నాకు చెప్తావేంటే? నాకు తెలీందా? ఊరికి చెప్పు.”

వెళ్ళిపోయింది. మిగిలిన ఐదు నిమిషాలూ నేను ఆ ఖాళీ కుర్చీని చూస్తూ ఉండిపోయాను.

కెమెరా ఆపగానే థాన్ నింగ్ వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది. ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు. “ఎంత బాగా చేశారు పిన్నీ! ఇన్నాళ్ళకు నెమ్మదిగా ఉన్నారు!”

రెండేళ్ళు గడిచాయి. మిల్లు మట్టిలో కలిసింది. సినిమాకు ఐరోపాలో ఏదో ఊళ్ళో బహుమతి వచ్చిందని తెలిసింది. అక్కడి పత్రికలో రాశారట, ఆ ఖాళీ కుర్చీలో ఒక తరం మౌనమంతా కూర్చుని ఉందని. విని నవ్వాను. ఆ వారంలోనే ఇంకో కబురు. సినిమాను మా ఊళ్ళోనే, మిల్లు కార్మికుల సమావేశ మందిరంలో వేస్తారట. మిల్లు మొత్తంలో కూల్చకుండా మిగిల్చింది ఆ మందిరం ఒక్కటే. నాలుగు వందల కుర్చీలు. అన్నింటిలోనూ మావాళ్ళే. నాకు రెండు రోజులు అన్నం సయించలేదు. ఎవరు పలకరించినా తేలు కుట్టిన దొంగలా తప్పించుకు తిరిగాను.

మూడో రోజు పొద్దున థాన్ నింగ్ ఫోన్ చేసింది.

“పిన్నీ, మందిరం చూసుకునే హౌ గారు సినిమా మరీ పొడుగంటున్నారు. మూడు గంటలైతే జనం లేచిపోతారట. కుర్చీ సీను తీసేస్తే ఎవరికీ తేడా తెలీదంటున్నారు. తొమ్మిది నిమిషాల్లో ఏమీ జరగదు కదా అని.”

ఆ హౌ మా పాత ఇన్‌ఛార్జే. పదవీ విరమణ చేశాక మందిరం తాళాలు అతని చేతికొచ్చాయి.

“నువ్వేమన్నావు?” అని అడిగాను.

“నాకు ప్రాణం ఒప్పట్లేదు. కాని మీ ఊళ్ళో సినిమా పడటం ముఖ్యం కదా. సీను మీది. తియ్యొద్దంటే తియ్యను, తియ్యమంటే తీసేస్తాను.”

అడక్కుండానే వరం దొరికినట్టయింది. తీసెయ్ అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఎందుకో అనలేక, సాయంత్రం చెప్తానని పెట్టేశాను.

మధ్యాహ్నం ఉల్లికాడల్లాంటి చివ్స్ ఆకు కొనుక్కురావడానికి బయటికి వెళ్ళాను. చూన్‌లాన్ బండి ఇప్పుడు కొత్త మేడల గేటు ముందుంది. మా పాత జట్టులోని డుయాన్ వదిన అటుగా వస్తోంది. బండికి పది అడుగుల దూరంలోకి రాగానే రోడ్డు దాటి అవతలి వైపుకు వెళ్ళింది. అవతల ఇప్పుడు రొట్టెల బండే లేదు. అయినా దాటింది. ఎందుకు దాటుతుందో ఆవిడకే గుర్తుండి ఉండదు, కాళ్ళకు అలవాటైపోయింది. ఆ అలవాటు చేసింది నేను. రోడ్డు మీద నిలబడి నన్ను నేనే తిట్టుకున్నాను. ఏ తిట్లో ఇక్కడ రాయను.

ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే ఫోన్ చేశాను. “తియ్యొద్దు. ఒక్క క్షణం కూడా తియ్యొద్దు,” అని, జరిగిందంతా థాన్ నింగ్‌కు గొంతుతో చెప్పాను. జీవితంలో మొదటిసారి.

ఆ పిల్ల సన్నగా అడిగింది: “అయితే పిన్నీ, ఆ సీన్లో మీరు నిజంగా మాట్లాడుకున్నారా?”

“మాట్లాడుకోమన్నది నువ్వే కదే!”

“ఐరోపాలో ఆ మౌనం గురించి నేను గంటన్నర ఉపన్యాసం ఇచ్చాను!”

“మంచిదే. టీ అయినా ఇచ్చారా?”

నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. రెండూ చేసి ఉంటుంది. “కింద అక్షరాలు వెయ్యనా పిన్నీ?” అని అడిగింది.

“మా ఊరికి అక్షరాలెందుకే? తెర పెద్దదేనా, అది చెప్పు.”

హౌ దగ్గరికి నేనే వెళ్ళాను. ఆ సీను కత్తిరిస్తే నేను రాను, నేను రాకపోతే మా నాలుగో క్వార్టర్స్ నుంచి ఒక్క పురుగు కూడా రాదు అని చెప్పాను. ఖాళీ కుర్చీ మీద నీకింత మోజేమిటి ముసలిదానా అని సణుక్కుంటూ ఒప్పుకున్నాడు. పాపం, షిఫ్టు ఇన్‌ఛార్జీలు అద్దాల గదిలో కూర్చునేవాళ్ళు, అతనికి పెదవులు చదవడం ఏనాడూ రాలేదు. అక్కణ్ణుంచి నేరుగా చూన్‌లాన్ బండి దగ్గరికి నడిచాను. టిక్కెట్టు ఆమె ముందు పెట్టి, “ఆదివారం మధ్యాహ్నం రెండింటికి. ఊరికి చెప్తున్నాను. రా,” అన్నాను. ఆమె తలెత్తలేదు. రొట్టెల బుట్ట మూత దించి, టిక్కెట్టును దానికింద పెట్టుకుంది.

ఆదివారం మందిరం కిటకిటలాడింది. థాన్ నింగ్ తెర పక్కన గోళ్ళు కొరుక్కుంటూ నిలబడింది. నేను ఆరో వరుసలో కూర్చున్నాను. చూన్‌లాన్ వచ్చిందో లేదో కనబడలేదు. సినిమా మొదలైంది, దాంతోపాటే నాలుగు వందల నోళ్ళలో పొద్దుతిరుగుడు గింజలు పటపటలాడటం మొదలైంది. గోడ వచ్చినప్పుడు ఎవరో, “అచ్చం మా ఆయనే, కదలడు మెదలడు,” అంది. పనికిరాదంటూనే పెట్టుకున్న నా నడక వచ్చినప్పుడు, “రుయ్‌జీ, నెమ్మదిగా పోవే, మిల్లు మూసేశారు!” అని ఒకర్తె అరిచింది. మందిరమంతా గొల్లుమంది.

కుర్చీ సీను వచ్చింది. తెరమీద నా ముఖం తలుపంత ఉంది. మూడు నిమిషాలు గాలి. అప్పుడు నా పెదవులు కదిలాయి.

మూడో వరుసలో షే ముసలమ్మ ఉంది. ఆవిడకు కంటిలో శుక్లాలు. పక్కనున్న కోడలు, అదీ మిల్లు మనిషే, అలవాటుగా అత్తగారికి పైకి చదివి వినిపించింది: “చూన్‌లాన్, ఆ రోజు పదిహేడో మగ్గం దగ్గరున్నది నేనే.” వెనకాల ఇంకో గొంతు కలిసింది: “పోగులు తెగడం చూశాను.” ఆ తర్వాత ఎన్ని గొంతులో నాకు తెలియదు. “హౌ అడిగితే అబద్ధం చెప్పాను. నీ పని పోతుందని తెలిసే చెప్పాను.” నా మాటలు వందల నోళ్ళతో నా మీదికే వచ్చి పడ్డాయి. గింజల చప్పుడు ఆగిపోయింది. నా పక్కన కూర్చున్న డుయాన్ వదిన చేతిసంచి తీసుకుని, లేచి, నాకు దూరంగా పోయి నిలబడింది. ఆవిణ్ణి తప్పుపట్టను.

తెరమీద చూన్‌లాన్ తలుపు దగ్గర వెనక్కి తిరిగింది. అందరూ ఆమె మాట కూడా చదివారు. ఆ తర్వాత ఐదు నిమిషాలు ఖాళీ కుర్చీ.

“మళ్ళీ వెయ్యండి!” అని అరిచింది షే ముసలమ్మ కోడలు.

“మళ్ళీ వెయ్యండి! మళ్ళీ!” అని మందిరం అందుకుంది.

హౌ కంగారుగా ముందుకొచ్చాడు. “ఏంటమ్మా మళ్ళీ? ఖాళీ కుర్చీనా?”

“మీకు తెలీదులెండి హౌ గారూ, మీరు కూర్చోండి!”

థాన్ నింగ్ పరుగెత్తుకుంటూ ప్రొజెక్టరు గదిలోకి వెళ్ళింది. సీను మళ్ళీ మొదలైంది. వెనక వరుసలో ఒక మనిషి లేచి, నడవ మధ్యలోంచి మెల్లగా ముందుకు వస్తోంది. చూన్‌లాన్. ఆమెను చూడగానే నేనూ లేచాను. చదవడం వచ్చినవాళ్ళకు తెలిసిపోయింది, సరే. రానివాళ్ళు ఉన్నారు కదా. మొగుళ్ళున్నారు, పిల్లలున్నారు, హౌ ఉన్నాడు. ఈసారి తెరమీద నా పెదవులు కదలగానే, మగ్గాల మధ్య అరిచినంత గట్టిగా గొంతు విప్పాను.

“ఆ రోజు పదిహేడో మగ్గం దగ్గరున్నది నేనే! పోగులు తెగడం చూశాను! హౌ అడిగితే అబద్ధం చెప్పాను! చూన్‌లాన్ చెప్పింది నిజం! అబద్ధం నాది!”

హౌ చూన్‌లాన్‌ను చూశాడు, తర్వాత నన్ను చూశాడు, చూసి టోపీ తీసేశాడు.

తెరమీద చూన్‌లాన్ తలుపు దాకా నడుస్తోంది. కింద చూన్‌లాన్ నా వరుస దాకా వచ్చి ఆగింది. తెరమీది మనిషి వెనక్కి తిరిగింది. నాలుగు వందల మందీ నోళ్ళు మూసుకున్నారు. ఆ మాట ఆమెకే వదిలేశారు. చూన్‌లాన్ తెరకేసి చూస్తూ, తన మాట తనే పైకి అంది. గొంతు బొంగురుగా ఉంది, కాని గోడదాకా వినబడింది.

“ఊరికి చెప్పు!”

“చెప్పింది!” అని లేచింది మందిరం. “చెప్పింది వదినా! విన్నాం! విన్నాం!” కుర్చీలు దడదడ మడతపడ్డాయి, జనమంతా నిలబడిపోయారు. షే ముసలమ్మ కోడలి భుజం పట్టుకుని ఏడుస్తోంది. డుయాన్ వదిన జనాన్ని తోసుకుంటూ వచ్చి చూన్‌లాన్ రెండు చేతులూ పట్టుకుంది. నాకు ఆ క్షణంలో భయం లేదు, సిగ్గు లేదు. ఇరవై మూడేళ్ళకు నా తల దానంతట అదే పైకి లేచింది. అంత సంతోషం నాకు పెళ్ళినాడు కూడా కలగలేదు.

తెరమీద ఖాళీ కుర్చీ సీను నడుస్తూనే ఉంది. చూన్‌లాన్ డుయాన్ వదిన చేతులు విడిపించుకుని నావైపు తిరిగింది. తిడుతుందనుకున్నాను, కొడుతుందనుకున్నాను, దేనికైనా సిద్ధంగానే నిలబడ్డాను. ఇరవై మూడేళ్ళలో మొదటిసారి ఆమె నాతో గొంతుతో మాట్లాడింది.

“ఇంక కూర్చోవే రుయ్‌జీ. వెనకాలవాళ్ళకి సినిమా కనబడట్లేదు.”